మైనస్ పెడితే పెరిగే కిటికీలు

మీ ఇంట్లో కంప్యూటర్ స్విచ్ వేయగానే రంగురంగుల బొమ్మలు వస్తున్నాయా? బొమ్మ మీద మౌస్‌తో రెండుసార్లు కొడితే పని అయిపోతోందా? అయితే మిమ్మల్ని చూస్తే నాకు జాలిగా ఉంది. అంత తేలిగ్గా మాట వినే యంత్రం మనిషిని చెడగొడుతుంది.

మా ఇంట్లో అలాంటి పాడు అలవాట్లు లేవు. మా కంప్యూటర్ స్విచ్ వేస్తే నల్లటి స్క్రీన్ వస్తుంది. దాని మీద ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అంతే! స్వాగతం లేదు, సంగీతం లేదు, కొండల ఫొటో లేదు. ఏం కావాలో నువ్వే చెప్పు అన్నట్టు చూస్తుంది. సరిగ్గా చెప్పలేకపోతే సాయంత్రం దాకా అలాగే చూస్తుంది. ఇంత ఓర్పు ఈ రోజుల్లో ఎవరికుంది?

ఈ కంప్యూటర్ వల్లే నాకు పట్నంలో హాస్టల్ కాలేజీ సీటు పోవాల్సింది. అయినా సరే, కంప్యూటర్‌కి ఆజ్ఞలు టైపు చేసి, వాటి పక్కన గీతలు పెట్టి, ఆ గీతల పక్కన అక్షరాలు కొట్టే పద్ధతి మనుషులకు దొరికిన గొప్ప వరమని నేను వాదిస్తాను. ఓపిగ్గా వినండి.

ఈ వరం మాకు బాబాయి వల్ల దక్కింది. బాబాయి కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తాడు. ఆఫీసుకి అద్దె కట్టడం దండగని కంపెనీవాళ్లు అందరినీ ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. బాబాయి తన అద్దె గది ఖాళీ చేసి, ఒక మంచం, ఒక పెద్ద బల్ల, చక్రాల కుర్చీ, వైర్లు కుక్కిన గోనెసంచీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. వచ్చీ రాగానే హాల్లో ఉన్న మా పాత కంప్యూటర్‌ని చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటన్నయ్యా ఇది? విండోలన్నీ ఉతకని బట్టల్లా కుప్పపోసి పెట్టారు. అడుగున ఏముందో ఎవరికైనా తెలుసా?"

"అడుగునున్నది అడుగునే ఉంటుంది కదరా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు నాన్న.

బాబాయికి ఆ జవాబు నచ్చలేదు. మర్నాడు కూర్చుని ఉన్నదంతా ఊడబెరికి కొత్త విండో మేనేజర్‌ని పెట్టాడు. మనం ఏ ప్రోగ్రామ్ తెరిచినా దానికో విండో వస్తుంది కదా. ఆ విండో స్క్రీన్ మీద ఎక్కడ కూర్చోవాలో, ఎంత జాగా తీసుకోవాలో చెప్పేదే విండో మేనేజర్. బాబాయి తెచ్చిన మేనేజర్ దగ్గర ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చోవడం కుదరదు. ఒక్క విండో తెరిస్తే స్క్రీనంతా దానిదే. రెండోది తెరిస్తే చెరి సగం. మూడోది వస్తే ఆ సగంలో సగం. ఎంతమంది వస్తే అందరూ అంత చిక్కిపోవాలి. నేల మీద టైల్స్ పరిచినట్టు పక్కపక్కనే పరుస్తుంది కాబట్టి దీన్ని టైలింగ్ అంటారని బాబాయి చెప్పాడు.

టైల్స్ అన్న మాట చెవిన పడగానే నాన్న అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. నాన్న ఇళ్లకు టైల్స్ వేసే మేస్త్రి. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రీన్‌కి మొహం ఆనించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"సందు ఏదిరా?"

"సందెందుకు అన్నయ్యా, జాగా దండగ. వెంట్రుక పట్టేంత కూడా వదల్లేదు చూడు."

"సందు లేకుండా వేస్తే ఎండలు ముదిరేసరికి లేస్తాయి."

"ఇవి నిజం టైల్స్ కావన్నయ్యా. ఇవెందుకు లేస్తాయి?"

"ఏ టైలైనా అంతే" అని నాన్న మళ్లీ కంచం ముందుకు వెళ్లిపోయాడు.

నాయనమ్మ మేనేజర్ అంటే మనిషే అనుకుంది. కాదని చెప్పినా ఆ గౌరవం తగ్గించలేదు. రోజూ పొద్దున్నే "మేనేజరుగారు లేచారా?" అని అడుగుతుంది. ఇంకా లేవలేదంటే గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

నిజానికి మేనేజరుగారు తనంతట తాను లేవరు. నల్ల స్క్రీన్ మీద ఆయన పేరు టైపు చేసి, పక్కనే ఈ పూట ఎలా నడుచుకోవాలో ఆప్షన్లు చెప్పాలి. చిన్న గీత పెట్టి టి కొడితే టైలింగ్. గీత పెట్టి ఎఫ్ కొడితే ఫ్లోటింగ్, అంటే విండోలు పాత పద్ధతిలోనే ఒకదాని మీద ఒకటి తేలుతుంటాయి. గీత పెట్టి జి కొట్టి పక్కన అంకె వేస్తే విండోల మధ్య అంత సందు వదులుతుంది. గీత పెట్టి హెచ్ కొడితే సహాయం. బాబాయి ఆ గీతని మైనస్ అంటాడు. "మైనస్ టి, మైనస్ జి సున్నా" అని పైకి చదువుతూ కొడతాడు. ఆ వెంటనే విండోలు టపటపా వచ్చి వరసలో నిలబడతాయి.

నాయనమ్మ మంచం మీద నుంచి కొన్నాళ్లు ఇదంతా గమనించి, ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఒరే, మైనస్ అంటే తీసివేత కదరా?"

"అవునమ్మా. కానీ ఇక్కడ కాదు."

"మరి నువ్వు మైనస్ పెట్టినకొద్దీ కిటికీలు పెరుగుతున్నాయేంటి? తీసేస్తే తగ్గాలి కదా?"

"అది వేరే మైనస్ అమ్మా."

"తీసివేతల్లో కూడా రకాలొచ్చాయా" అని నాయనమ్మ అటు తిరిగి పడుకుంది. ఆమెకి ఆ సందేహం ఎన్నాళ్లు ఉండిపోయిందో, చివరికి ఎవరు తీర్చారో తర్వాత చెబుతాను.

ముందు ఈ పద్ధతి వల్ల మా ఇల్లు ఎంత బాగుపడిందో వినండి.

మొదటి సంగతి, ఇరుగుపొరుగు. అంతకుముందు ఎవరికి కరెంటు బిల్లు కట్టాల్సొచ్చినా, ఎవరికి రైలు టికెట్ కావాలన్నా మా హాల్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. ఇప్పుడు గుమ్మంలోంచి నల్ల స్క్రీన్ చూసి "అయ్యో, పాడైపోయిందా?" అని పరామర్శించి వెళ్లిపోతున్నారు. పక్కింటి పిన్నిగారైతే జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు దూరం నుంచే చూసి, "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అమ్మని అడిగింది. "మా మరిది వచ్చినప్పటి నుంచి" అంది అమ్మ.

రెండోది, వినయం. చిన్న ఆర్ కొడితే కొత్త మేనేజరుగారు అప్పటిదాకా ఉన్న మేనేజరు కొలువు అందుకుంటారు, పెద్ద ఆర్ కొడితే బాబాయి నెలల తరబడి పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడిచేస్తారు. తేడా షిఫ్ట్ మీద పెట్టే ఒక్క వేలు. ఇంత పెద్ద బాధ్యత చిటికెన వేలి మీద పెట్టుకుని బతికే ఇల్లు గర్వపడుతుందా? నాన్న ఇప్పుడు కీబోర్డు దగ్గరికి వచ్చేముందు చేతులు కడుక్కుంటున్నాడు. పని ముగించి సిమెంటు చేతుల్తో అలాగే టీవీ రిమోట్ పట్టుకునే మనిషి!

మూడోది, సహాయం విలువ తెలిసిరావడం. ఏదైనా తప్పు కొడితే "అలాంటి ఆప్షన్ లేదు, సహాయానికి మైనస్ హెచ్ కొట్టండి" అని వస్తుంది. మర్యాదగానే ఉంటుంది. కొడితే పేజీలకు పేజీలు సహాయం వచ్చి పడుతుంది. చదివి, అర్థం కాక, బయటికి రావాలనుకుంటారు. రాలేరు! బయటికి రావాలంటే క్యూ అనే అక్షరం కొట్టాలి. ఆ ముక్క ఆ పేజీల్లో ఎక్కడా రాయలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ అందులో ఇరుక్కుపోయింది. అమ్మ టైలర్. మెడ డిజైన్ ఒకటి చూద్దామని కూర్చుని, ఏదో కొట్టి, సహాయంలోకి వెళ్లిపోయింది. నేను బయటి నుంచి వచ్చేసరికి కత్తెర ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది.

"ఏమైందమ్మా?"

"సాయం చేస్తానంటే సరే అన్నాను. ఇక వదలట్లేదు."

నాలుగోది, అన్నిటికంటే గొప్పది, దాచడానికి చోటు లేకపోవడం. పాత రోజుల్లో నాన్న పనివాళ్ల లెక్క చూసుకుంటున్నానని చెప్పి, ఆ విండో వెనక కుస్తీ పోటీలు చూసేవాడు. ఇప్పుడు లెక్క ఎంత ఉంటుందో కుస్తీ కూడా అంతే ఉంటుంది, పక్కపక్కనే, ఇంటిల్లిపాదికీ కనబడేట్టు. నేను తెరిచిన జీవశాస్త్రం పాఠానికి కూడా ఇటు అమ్మ డిజైన్లు, అటు నాయనమ్మ సీరియల్ కాపలా ఉంటాయి. నాయనమ్మ సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు నా పాఠం చూస్తుంది.

"నిన్న కూడా ఈ కప్పే కదే?"

"అవును నాయనమ్మా."

"ఇంకా దాని పొట్ట దగ్గరే ఉన్నావా?"

ఇంత శ్రద్ధగా ఏ ట్యూషన్ మాస్టారు అడుగుతాడు?

సరే, ఇక ఇంటి సంగతికి వస్తాను. బాబాయి స్క్రీన్‌ని ఎలా సర్దాడో ఇంటిని కూడా అలాగే సర్దాడు. మనిషి పద్ధతి గల మనిషి. వెనక గదిలో అమ్మ కుట్టుమిషన్, దాని పక్కన నా పుస్తకాల బల్ల ఉండేవి. ఆ గదికి తలుపుంది. మీటింగులకు తలుపు కావాలి కాబట్టి అది బాబాయి ఆఫీసైంది. మిషన్ పడకగదిలోకి వెళ్లింది, అక్కడి బీరువా హాల్లోకి వచ్చింది, బీరువా రావడంతో నాయనమ్మ మంచం గోడవారకి జరిగింది, నాన్న పనిముట్లు వరండాలోకి పోయాయి. ఎవరి వాటా కొంచెం చిక్కినా ఎవరి వాటా వాళ్లకుంది. అంగుళం దండగ కాలేదు.

నా బల్ల మాత్రం మడత పెట్టి అటక మీదికి ఎక్కించారు. "నువ్వెక్కడైనా సర్దుకుంటావులే" అంది అమ్మ, చాలా మెచ్చుకోలుగా.

ఈ సర్దుకోవడానికి కూడా శాస్త్రం ఉందని బాబాయి ఆ సాయంత్రమే చెప్పాడు. స్క్రీన్ మీద ఏదో మూస్తుంటే "నిజంగా మూసేయాలా? అవును, కాదు" అని చిన్న విండో ఒకటి వచ్చింది. అది పక్కకి జరగలేదు, ఎవరి జాగా తీసుకోలేదు, అందరి మీదా మధ్యలో తేలుతూ నిలబడింది.

"చూశావా, ఇలాంటి చిన్నవాటికి టైల్ ఇవ్వదు. ఇవి తేలుతాయంతే. వస్తాయి, ఒకమాట అడుగుతాయి, వెళ్లిపోతాయి" అన్నాడు. మళ్లీ నావైపు చూసి, "అచ్చం మన అమ్మాయిలాగా" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పోలిక బాగా కుదిరింది కదా!

తేలడంలో ఉన్న సుఖం తేలేవాళ్లకే తెలుస్తుంది. పొద్దున పాఠం మెట్ల మీద చదువుతాను, ఎండ వచ్చేసరికి నీళ్ల ట్యాంకు నీడలోకి జరుగుతాను. మధ్యాహ్నం అమ్మ మిషన్ మీద, అమ్మ కుట్టడం మొదలుపెట్టేదాకా. సాయంత్రం వంటింట్లో బియ్యం డబ్బా మీద. ఎవరికైనా బియ్యం కావాల్సొస్తే లేస్తాను. ఒకే పాఠాన్ని ఇన్ని చోట్ల చదివిన విద్యార్థులు ఎంతమంది ఉంటారు? పైగా చుట్టాలొస్తే ఇంట్లో అందరి జాగాలూ చిక్కిపోతాయి. నాది ఒక్కటే చిక్కదు. లేనిది ఎలా చిక్కుతుంది?

కంప్యూటర్ మీద కూడా నాకు ఒక చోటు దొరికింది. అది సహాయం పేజీ. నల్ల విండోలో తెల్ల అక్షరాలు కనబడితే ఎవరూ రెండోసారి చూడరు. నాయనమ్మ కూడా "కప్ప లేదా ఇవాళ?" అని అటు తిరుగుతుంది. అందుకని నేను ఆ ఆప్షన్లన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. మా బడిలో కంప్యూటర్‌కి ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది, తీస్తే దుమ్ము పడుతుందని. అలాంటి బడిలో చదివినదానికి ఇది తీర్థయాత్ర లాంటిది.

ఇప్పుడు ఇంటర్వ్యూ సంగతి.

పట్నంలో ఒక హాస్టల్ కాలేజీకి అప్లికేషన్ పెట్టాను. పరీక్షలో గట్టెక్కాను. ఇక వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ మిగిలింది. దానికి ఒకే నియమం, గదిలో మనం తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఎవరో జవాబులు అందిస్తున్నారని అనుమానం వస్తే సీటు ఉండదు.

గది! నేను ఒక్కదాన్నే!

ఇంట్లో వాళ్లందరూ ఎంతో మంచివాళ్లు. వెనక గదిలో బాబాయికి అదే సమయానికి మీటింగు ఉంటుందన్నారు, కాబట్టి హాలే గతి. నాయనమ్మ "నన్ను గోడ అనుకోవే" అంది. గోడ దగ్గదు కదా అని నాన్న ఆమెని, ఆమె కుర్చీని బయట మెట్ల దగ్గరికి చేర్చాడు. మిగిలినవాళ్లు వంటింట్లో ఉంటామన్నారు. మా హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు, తలుపు ఉండాల్సిన చోటు ఉంది. అమ్మ అక్కడ దుప్పటి కట్టింది.

అంతా సర్దేశాక బాబాయి కూడా మీటింగు ముందే ముగించుకుని వచ్చి, ఇక కంప్యూటర్‌ని వెనక గదికి మార్చే వ్యవధి లేదని, నాకోసం కష్టపడి మేనేజరుగారిని కొత్త పద్ధతిలో లేపాడు.

"ఇవాళ మైనస్ ఎఫ్ పెట్టాను. ఫ్లోటింగ్. నీ విండో స్క్రీనంతా పరుచుకో, మిగతావన్నీ దాని వెనక్కి పోతాయి. ఇవాళ స్క్రీన్ మొత్తం నీదే."

"మొత్తం ఇచ్చేశాం చూడు" అంది అమ్మ, దుప్పటి వెనక నుంచి.

స్క్రీన్ మీదికి ఒక మేడం, ఒక పెద్దాయన వచ్చారు. పేరు అడిగారు, చెప్పాను. ఊరు అడిగారు, చెప్పాను. గదిలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరన్నాను. దుప్పటి కదలలేదు. కప్ప గురించి అడిగారు! నేను చెప్పడం మొదలుపెట్టాను. ఇన్ని చోట్ల చదివాను కదా, పొట్ట దాకా గడగడా వచ్చేసింది.

అప్పుడు, నాకు దగ్గర్లోనే ఎక్కడో, ఒక ఆడమనిషి గొంతు ఖంగుమంది.

"నిజం చెప్పు. ఎవరు నేర్పారు నీకు ఇదంతా?"

మేడం కళ్లద్దాలు సర్దుకుంది. "వెనక ఎవరమ్మా?"

"ఎవరూ లేరు మేడం."

"నోరు మూసుకుని నేను చెప్పినట్టు చెయ్" అంది ఆ గొంతు.

అది నాయనమ్మ సీరియల్. పొద్దున నెట్ రాక మధ్యలో ఆగిపోతే, విసుగొచ్చి వదిలేసి పోయింది. ఇప్పుడు నెట్ వచ్చింది. కానీ ఎక్కడుంది? ఫ్లోటింగ్ కదా, నా విండో వెనక ఎక్కడో తేలుతోంది. అడుగునున్నది అడుగునే ఉంటుందని నాన్న చెప్పనే చెప్పాడు. స్పీకర్ తగ్గిద్దామంటే మేడం గొంతు కూడా పోతుంది. పెద్దాయన ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఏం రాస్తున్నాడో నాకు తెలిసిపోయింది. అనుమానం వస్తే సీటు ఉండదు.

నేను నల్ల విండో తెరిచాను. అది వచ్చి అందరి మీదా తేలింది. దుప్పటి పక్కకి జరిగి బాబాయి తల కనబడింది. వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. మేనేజరుని ఇప్పుడు మారిస్తే అన్నీ మూసుకుపోతాయని ఆయన భయం. కానీ "మేనేజర్ మారినా విండోలు ఎక్కడికీ పోవు, ఉద్యోగం పోయేది మేనేజర్‌కే" అని మా అందరికీ గొప్పగా చెప్పింది బాబాయే. కంగారులో ఆయన మర్చిపోయినట్టున్నాడు. నేను మర్చిపోలేదు.

పేరు కొట్టాను. మైనస్ ఆర్, చిన్నది, ఉన్న మేనేజర్ కొలువు అందుకోవడానికి. మైనస్ టి. అంటే అందరూ వరసలోకి రండి అని.

స్క్రీన్ ఒక్కసారి రెప్ప వేసి తెరిచింది. అడుగునున్నవన్నీ పైకి వచ్చి పక్కపక్కనే నిలబడ్డాయి. మేడం, పెద్దాయన ఒక వాటాలో. అమ్మ మెడ డిజైన్లు ఒక వాటాలో. నాన్న కుస్తీ ఒక వాటాలో. చివరి మూలలో పట్టుచీర కట్టుకుని వేలు చూపిస్తున్న సీరియల్ అత్తగారు. ఆమెని మూసేశాను. "నిజంగా మూసేయాలా?" అని చిన్న విండో తేలుతూ వచ్చింది. అవునన్నాను. అది మర్యాదగా వెళ్లిపోయింది.

"ఏం చేశావమ్మా ఇప్పుడు?" అన్నాడు పెద్దాయన, కలం ఆపి.

నేను చెప్పాను. మామూలుగా నేను రెండు మాటల్లో పోయేదానికి మూడో మాట వాడను. ఆరోజు టైలింగ్ అంటే ఏమిటో, ఫ్లోటింగ్ అంటే ఏమిటో, సందు ఎందుకు వదలాలో, గీతలేమిటో అన్నీ చెప్పాను. ఎక్కడో మధ్యలో పెద్దాయన నవ్వాడు. మేడం సీరియల్ పేరు అడిగింది, వాళ్లింట్లో కూడా చూస్తారట.

చివరికి మేడం కొంచెం మొహమాటంగా అంది.

"ఒక్క విషయం ముందే చెప్పాలి. హాస్టల్‌లో చోటు తక్కువ. గదికి నలుగురు ఉంటారు. సర్దుకోగలవా?"

"నలుగురా?"

"అవునమ్మా. ఇబ్బందే, ఒప్పుకుంటాను."

"అంటే నాలుగో వంతు నాదేనా మేడం?"

ఆమెకి అర్థమైనట్టు లేదు. "అవును, ఒక మంచం, ఒక బల్ల..."

"చుట్టాలొచ్చినా నాదేనా?"

వంటింట్లో అప్పటిదాకా గరిటె చప్పుడు వినబడుతూనే ఉంది. అది ఆగిపోయింది.

సీటు వచ్చింది.

పాఠకులారా, సంతోషించండి. మీకంటే ముందు బాబాయి సంతోషించాడు. ఎందుకంటే ఏదైనా విండో మూసుకుపోతే దాని జాగా మిగిలిన విండోలకు వస్తుంది, అది టైలింగ్ ధర్మం. ఇంట్లో ఒక మనిషి తగ్గుతోంది. ఎవరికి ఎంత కలిసొస్తుందో చూసుకుంటే ప్రింటర్ పెట్టుకోవచ్చని ఆయన ఆశ.

"అన్నయ్యా, టేపు తెచ్చి ఒకసారి కొలువు."

నాన్న టేపు తెచ్చాడు. కొస లాగి పట్టుకుని హాల్లో నిలబడ్డాడు.

"ఎక్కడి నుంచి కొలవాలిరా?"

"అదే, అమ్మాయి జాగా."

"అది ఎక్కడ?"

బాబాయి అటూ ఇటూ చూశాడు. మెట్లు ఇంటి లెక్కలోకి రావు. ట్యాంకు నీడ సాయంత్రానికి జరిగిపోతుంది. మిషన్ అమ్మది. "బియ్యం డబ్బా" అని బాబాయే అన్నాడు, అని తనే ఆగిపోయాడు. నా సంచీ తలుపు వెనక మేకుకి ఉంది. నాన్న ఆ మేకుకి టేపు ఆనించి ఒక్క క్షణం చూసి వదిలేశాడు. టేపు చిటుక్కున డబ్బాలోకి వెళ్లిపోయింది.

"కొలవడానికేం లేదురా" అన్నాడు.

అమ్మ మిషన్ తొక్కడం ఆపి, కుడుతున్న గుడ్డ వైపే చూస్తూ కూర్చుంది.

నేను చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాను కదా, పట్నంలో ఇద్దరు కొత్త మనుషులకి.

కాసేపటికి నాన్న వెనక గదిలోకి వెళ్లాడు. ఆఫీసు బల్లని ఒక పక్క బాబాయి, ఇంకో పక్క నాన్న పట్టుకుని గోడ దాకా జరిపారు. చక్రాల కుర్చీ దానంతటదే జరిగింది. నాన్న జేబులోంచి సుద్దముక్క తీసి, టైల్ వేసేముందు నేల మీద గీసినట్టు గోడ నుంచి గోడ దాకా గీత గీశాడు.

"ఇటు సగం దానిది" అన్నాడు.

"అది వెళ్లిపోతోంది కదన్నయ్యా ఇప్పుడు?"

"వెళ్తుంది, సెలవులకి వస్తుంది. రాకపోయినా దానిదే." తర్వాత గీతకి కొంచెం పక్కన ఇంకో గీత గీశాడు. "ఇది సందు. ఇది ఎవరిదీ కాదు."

అటక మీద నుంచి నా బల్ల దిగింది. ఇప్పుడు అది గీతకి ఇవతల నిలబడి ఉంది. దాని మీద నా పుస్తకాలు నాలుగే ఉన్నాయి, మిగతావి పెట్టెలో సర్దేశాను. బాబాయి తన మీటింగుల మధ్యలో ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. పొద్దున్నే మేనేజరుగారిని లేపుతున్నప్పుడు "మైనస్ జి" దగ్గర ఆగి, సున్నా బదులు వేరే అంకె కొడుతున్నాడు.

చూశారా, నేను మొదట్లోనే చెప్పాను. మనిషి ఏం కావాలో సరిగ్గా చెప్పాలే గానీ యంత్రం ఎంత బాగా వింటుందో! రోజూ పొద్దున్నే దాన్ని పేరు పెట్టి పిలిచి, విండోలు ఎలా ఉండాలో, మధ్యన సందు ఎంత వదలాలో ఆప్షన్లు చెప్పి మరీ లేపుతారు. అంత మర్యాద కంప్యూటర్‌కి దక్కే ఇంట్లో పుట్టడం అదృష్టం కాదా? నాకు కూడా దక్కింది. కాకపోతే కొంచెం ఆలస్యంగా, బస్సు టికెట్ తీసిన తర్వాత.

నిన్న నాయనమ్మ గది గుమ్మంలో నిలబడి, ఆ సుద్దగీతని, నాలుగు పుస్తకాలే మిగిలిన బల్లని, బయట కట్టి పెట్టిన నా పెట్టెని చాలాసేపు చూసింది.

"ఒరే" అని బాబాయిని పిలిచింది. "మైనస్ పెడితే ఎందుకు పెరుగుతుందో ఇప్పుడర్థమైందిరా."